గిన్నె అడుగున ఏముంది? రామెన్, ఫో, బావ్ మెనూల చిక్కుముడి

మన ఇళ్లలో భోజనం వేళ మొదట వినిపించే ప్రశ్న "కూరేంటి?" అన్నం సంగతి ఎవరూ అడగరు. రోజూ ఉండేదే కదా. కంచంలో మారేదల్లా అన్నం మీద పడేది. ఇదే అలవాటుతో విదేశాల్లో నూడుల్స్ కొట్లోకి అడుగుపెడతాం. మెనూలో బొమ్మలు చూసి పైన ఏం వేశారో లెక్కపెడతాం. గుడ్డు ఉందా, చికెన్ ఉందా, ఉత్త కూరగాయలేనా అని. మనవాళ్లు అక్కడ పడే ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు ఇక్కడే మొదలవుతాయని నా లెక్క. ఆ గిన్నెలో పైన కనిపించేది గుమ్మానికి కట్టిన తోరణం లాంటిది. ఇల్లంతా కింద ఉంటుంది, సూప్‌లోనూ పిండిలోనూ.

న్యూజెర్సీలో నా మొదటి చలికాలం. నేనూ, పుట్టు శాకాహారి అయిన నా రూమ్మేటూ ఓ సాయంత్రం మంచులో నడుచుకుంటూ వెళ్లి చిన్న జపనీస్ కొట్లో దూరాం. వాడు మెనూ అంతా గాలించి 'వెజిటబుల్ రామెన్' పట్టుకున్నాడు. రామెన్ అంటే సూప్‌లో వేసిచ్చే జపాన్ నూడుల్స్. వచ్చింది. పైన క్యాబేజీ, మొక్కజొన్న గింజలు, మొలకలు, నల్ల పుట్టగొడుగుల తరుగు. కింద పాలలాంటి తెల్లటి సూప్. సగం అయ్యాక, "భలే చిక్కగా ఉందిరా, జీడిపప్పు రుబ్బి వేశారేమో" అన్నాడు. నాకు అనుమానం వచ్చి వడ్డించే అమ్మాయిని అడిగాను. మెచ్చుకుంటున్నాం అనుకుంది కాబోలు, ముఖం వెలిగిపోయింది. పంది ఎముకలు పొద్దున్నుంచీ మరుగుతున్నాయని సంబరంగా చెప్పింది. మావాడు చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. ఆ రాత్రి ఇంకేమీ ముట్టలేదు.

కొట్టువాళ్లు అబద్ధమేమీ ఆడలేదు. కూరగాయల రామెన్ అన్నారు, కూరగాయలు వేశారు. ఎముకల చారు సంగతి విడిగా చెప్పాలని వాళ్లకు తట్టలేదు, అడగాలని మాకు తట్టలేదు.

రామెన్: ఒకే వరసలో రెండు రకాల పేర్లు

రామెన్ గిన్నెలో వేరువేరుగా తయారైనవి అయిదు వచ్చి కలుస్తాయి. ఎముకలో, కోడో, ఎండు చేపలో, సముద్రపు నాచో మరిగించి తీసిన సూప్ ఒకటి. ఉప్పూ రుచీ ఇచ్చే చిక్కటి సారం ఇంకొకటి. దీన్ని 'తారే' అంటారు. గిన్నె అడుగున ముందే గరిటెడు పోసి పెట్టుకుని, సూప్ దాని మీద పోస్తారు. ఆ తర్వాత నూడుల్స్, పైన తేలే సువాసన నూనె. అన్నిటికన్నా చివర్న మనం మొదట చూసే గుడ్డూ, మాంసం ముక్కా, ఉల్లికాడలూ.

ఏ రామెన్ కొట్లో చూసినా నాలుగు పేర్లు ఒకే వరసలో కనిపిస్తాయి: షోయు, షియో, మిసో, టోన్‌కొత్సు. నాలుగూ ఒకే జాతి అనుకుంటాం. కావు. మొదటి మూడూ తారే పేర్లు. షోయు అంటే సోయా సాస్, షియో అంటే ఉప్పు, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. నాలుగోది మాత్రం సూప్ పేరు. 'టోన్' పంది, 'కొత్సు' ఎముక. మన టిఫిన్ సెంటర్ బోర్డు మీద "ఉల్లి దోశ, నెయ్యి దోశ, రాగి దోశ" అని రాసినట్టన్నమాట. మొదటి రెండూ పెనం మీద ఏం పడుతుందో చెబుతాయి, మూడోది పిండి ఏమిటో చెబుతుంది. రాగి దోశను నెయ్యితో కాల్చకూడదని ఎక్కడా లేదు. అలాగే పంది ఎముకల సూప్‌లో సోయా తారే పడొచ్చు. షియో అంటే ఉత్త ఉప్పే కదా, శాకాహారమే అయ్యుంటుంది అని ధీమా పడితే అడుగున కోడి చారు ఉండొచ్చు. కాబట్టి పేరు విని ఆర్డర్ ఇవ్వకుండా, "సూప్ దేంతో కాచారు?" అని ఒక్కమాట అడగాలి.

టోన్‌కొత్సు సంగతి హైదరాబాదీలకు విడమరిచి చెప్పక్కర్లేదు. పాయా తాగినవాళ్లకు సగం తెలిసినట్టే. ఎముకల్ని సన్నసెగ మీద కదలకుండా కాస్తే చారు తేటగా దిగుతుంది. అదే పెద్దమంట మీద గంటల తరబడి తెర్లిస్తే, కొవ్వూ జిగురూ నీళ్లలో విడదీయలేనంతగా కలిసిపోయి పాలరంగు వస్తుంది. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలోని ఫుకువోకా, అందులో హకాటా ప్రాంతం దీనికి పేరుమోసింది. మిసో రామెన్ ఉత్తరాన మంచు కురిసే సప్పొరోది.

రామెన్‌ను ప్రపంచమంతా జపాన్ వంటకం అంటుంది. జపనీయులు మాత్రం చాలాకాలం దాన్ని 'చైనా సోబా', అంటే చైనా నూడుల్స్ అనే పిలిచారు. టోక్యో అసాకుసాలో 1910లో రైరైకెన్ అనే కొట్టు తెరిచినప్పుడు వంటవాళ్లను యోకొహామా చైనాటౌన్ నుంచి తెచ్చుకున్నారు. చైనాలో చేత్తో లాగి చేసే నూడుల్స్‌ను లామియన్ అంటారు. 'లా' అంటే లాగడం, 'మియన్' అంటే నూడుల్స్. ఆ మాటే జపాన్ నోట్లో రామెన్ అయిందని ఎక్కువమంది చెప్పేది. తమాషా ఏమిటంటే జపాన్ రామెన్‌ను లాగరు. పిండిని పల్చటి పొరగా ఒత్తి కత్తిరిస్తారు. పేరులో మిగిలిన లాగుడు చేతిలో మిగల్లేదు.

ఆ పసుపు రంగు చూసి గుడ్డు కలిపారేమో అనుకుంటాం. కొన్నిచోట్ల కలుపుతారు కూడా. కానీ అసలు కారణం 'కాన్‌సుయి' అనే క్షారం, అంటే సోడియం, పొటాషియం కార్బొనేట్ల మిశ్రమం. మన అప్పడాల పిండిలో వేసే క్షారం లాంటిదే. అది తగిలితే గోధుమపిండి పసుపు తిరుగుతుంది, నూడుల్స్‌కు పంటికింద సాగే గుణం వస్తుంది. జపాన్‌వాళ్ల ఇంకో గోధుమ నూడుల్స్ ఉడోన్‌కు ఈ క్షారం ఉండదు, అందుకే అది తెల్లగా, మెత్తగా ఉంటుంది.

ఎంత సాగే గుణం ఉన్నా వేడి సూప్‌లో పడ్డ నూడుల్స్ ఎక్కువసేపు ఆగవు. హకాటా రకమైతే సేమియాకన్నా కాస్త లావు, అంతే. అయిదు నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే మెత్తబడిపోతుంది. ఇక్కడే మన రెండో అలవాటు అడ్డొస్తుంది. మన రెస్టారెంట్లలో సూప్ 'వన్ బై టూ' చెప్పడం మన జన్మహక్కు. ఒకటి తెప్పించి రెండు గిన్నెల్లోకి పంచుకుని, నెమ్మదిగా తాగుతూ ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకుంటాం. రామెన్ కొట్లో కుర్చీకొక గిన్నె అన్నది చాలాచోట్ల చెప్పకుండానే అమలయ్యే పద్ధతి. పన్నెండు కుర్చీలున్న కొట్టు, బయట వరస. గిన్నె వచ్చాక పావుగంటలో తిని లేచిపోతే వాళ్లకూ సంతోషం, మనకూ నూడుల్స్ దక్కుతాయి. ఆకలి తీరకపోతే 'కాయెదామా' అని అడగొచ్చు. మిగిలిన సూప్‌లోకి ఇంకో ముద్ద నూడుల్స్ ఉడికించి తెచ్చి వేస్తారు. మనకు మారు వడ్డన లాంటిది, డబ్బులు మాత్రం తీసుకుంటారు. అందుకని సూప్ మొదట్లోనే తాగేయకండి. నేను తాగేసి, పొడి నూడుల్స్ ముందు పెట్టుకుని కూర్చున్న రోజుంది.

ఫో: 'కూరేంటి?' పనిచేసే ఒకే ఒక్క చోటు, అదీ సగమే

రాయడానికి ఫో అని రాస్తాంగానీ వియత్నామీల నోట అది 'ఫః'కు దగ్గరగా ఉంటుంది, ప్రశ్న అడిగినట్టు స్వరం చివర పైకి లేస్తుంది. బియ్యప్పిండి నూడుల్స్, తేట చారు. వాసన చూడగానే మన ముక్కు గుర్తుపడుతుంది. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, నిప్పుల మీద కాల్చిన అల్లం, ఉల్లి. బిర్యానీ దినుసుల డబ్బా మూత తీసినట్టే.

ఫో మెనూలో ఇరవై, ముప్పై అంకెలుంటాయి. కళ్లు తిరుగుతాయి. నిజానికి వాటిలో చాలా వాటికి సూప్ ఒకటే, నూడుల్స్ ఒకటే. మారేదల్లా గొడ్డు మాంసంలో ఏ ముక్క అన్నది. 'తాయ్' అంటే పచ్చిగా, కాగితమంత పల్చగా కోసిన ముక్కలు. సలసలలాడే చారు పోయగానే గిన్నెలోనే ఉడుకుతాయి. 'చిన్' ముందే ఉడికించినవి. 'గాన్' జిగురు నరాలు, 'బో వియెన్' మాంసం ఉండలు. ఇక్కడ "కూరేంటి?" అన్న మన ప్రశ్న చక్కగా సరిపోతుంది. కాకపోతే ఏ అంకె చెప్పినా అడుగున ఉండేది గొడ్డు ఎముకల చారే. అది పడనివాళ్లు 'ఫో గా' అడగాలి, కోడిది. మంచి కొట్లో దానికి కుండ వేరేగా ఉంటుంది. కొన్నిచోట్ల ఒకే చారులో కోడి ముక్కలు వేసి ఇస్తారు. కాబట్టి ఇక్కడా అడగాల్సిన ప్రశ్న అదే.

ఫో పుట్టింది ఉత్తర వియత్నాంలో, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో, గత శతాబ్దం మొదట్లో. ఫ్రెంచివాళ్ల పాలనలో గొడ్డు మాంసం వాడకం పెరిగింది, ఎముకలు చవగ్గా మిగిలాయి. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరం నుంచి దక్షిణానికి లక్షల మంది తరలిపోయారు, ఫో వాళ్ల వెంట వెళ్లింది. దక్షిణాదివాళ్లు దానికి పచ్చి మొలకలు, తులసి జాతి ఆకులు, నిమ్మచెక్క, తియ్యటి హోయ్‌సిన్ సాస్ జతచేశారు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక పడవల్లోనూ విమానాల్లోనూ బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది ఈ దక్షిణాదివాళ్లే. కాలిఫోర్నియా, టెక్సస్, సిడ్నీ, పారిస్‌లలో ఇవాళ మన ముందుకొచ్చే ఆకుల పళ్లెం వాళ్లు మోసుకెళ్లినదే. కొట్ల బోర్డుల మీద 54, 75 లాంటి అంకెలు కనిపిస్తే ఇంటి నంబర్లు అనుకోకండి. చాలాచోట్ల అవి ఇల్లు విడిచిన సంవత్సరాలు. హ్యూస్టన్‌లో బెల్‌ఎయిర్ బులవార్డ్ పొడవునా ఈ కొట్లే. ఆ ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లకు జలుబు చేస్తే మిరియాల చారు తర్వాత గుర్తొచ్చేది ఫోనే.

ఒక్క మాట నా సొంత పక్షపాతంగా చెబుతాను. గిన్నె రాగానే హోయ్‌సిన్, ఎర్ర మిరప సాస్ గుమ్మరించేవాళ్లను చూస్తే నాకు నెయ్యి వేసిన ముద్దపప్పు మీద టొమాటో కెచప్ పోసినట్టుంటుంది. ముందు రెండు చెంచాల చారు ఉత్తది తాగండి. సాస్‌లను పక్కన చిన్న పళ్లెంలో వేసుకుని, ముక్కల్ని వాటిలో అద్దుకోండి.

పిండి లాగే చెయ్యి

సూప్ గురించి ఇంత చెప్పాను గానీ, పిండే రాజైన చోటు ఒకటుంది. వాయవ్య చైనాలో గాన్సు రాష్ట్రపు లాన్‌జౌ నగరం. అక్కడి గొడ్డు మాంసం నూడుల్స్ హుయ్ ముస్లింల వంటకం, కాబట్టి హలాల్. పంది పడని మన హైదరాబాదీ మిత్రులకు చైనా వంటల్లో నిశ్చింతగా కూర్చోగలిగే చోటు ఇది. గిన్నెకు అయిదు రంగుల లక్షణం చెబుతారు. చారు తేట, ముల్లంగి తెలుపు, మిరప నూనె ఎరుపు, కొత్తిమీర, వెల్లుల్లి కాడలు పచ్చన, నూడుల్స్ పసుపు.

ఇలాంటి కొట్లో అద్దం అవతల పిండి లాగే మనిషిని చూడ్డానికైనా వెళ్లొచ్చు. క్షారం కలిపి బాగా మర్దించిన పిండిని చేతి లావు కడ్డీలా చేసి, రెండు కొసలూ పట్టుకుని చేతులు బార్లా చాచేంత లాగుతాడు. మధ్యకు మడిచి రెండు కొసలూ ఒక చేతిలోకి తెచ్చుకుంటాడు. ఇప్పుడు రెండు పోగులు. మళ్లీ లాగుతాడు, బల్ల మీద ఠప్పున కొడతాడు, మళ్లీ మడుస్తాడు. నాలుగు. ఎనిమిది. పదహారు. మడత మడతకూ రెట్టింపవుతుంది కాబట్టి ఎనిమిదో మడతకు 256 పోగులు. ఇదంతా నిమిషంలోపే. లావెంత కావాలో ముందే అడుగుతారు. వెంట్రుకలా సన్నటివి, సన్నటివి, ఆకులా చదునైనవి, బెల్టంత వెడల్పువి. మొదటిసారి మధ్యరకం చెప్పండి. సన్నటివి సూప్‌లో తొందరగా మెత్తబడతాయి, వెడల్పువి చాప్‌స్టిక్స్‌కు లొంగవు.

న్యూయార్క్ ఫ్లషింగ్‌లో ఒక షాపింగ్ మాల్ నేలమాళిగలో 2005లో చిన్న కొట్టుగా మొదలైన షియాన్ ఫేమస్ ఫుడ్స్ లాన్‌జౌ పొరుగు ప్రాంతపు వంటలను అమెరికాకు అలవాటు చేసింది. అక్కడ జీలకర్ర దట్టించిన గొర్రె మాంసంతో వెడల్పాటి బియాంగ్ బియాంగ్ నూడుల్స్ దొరుకుతాయి. పిండిని బల్లకేసి కొట్టే చప్పుడు వల్లే ఆ పేరొచ్చిందంటారు. జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిశాక తెలుగు నాలుకకు పరిచయాలు అక్కర్లేదు. సిచువాన్ మిరియం మాత్రం కొత్త. అది కారం కాదు, తిమ్మిరి. పెదాల మీద చిన్న బ్యాటరీ పెట్టినట్టు జివ్వుమంటుంది. ఆరోగ్యం బాగాలేదేమోనని కంగారు పడకండి.

బావ్: పూర్ణం ఉన్నవీ, లేనివీ

ఆవిరి మీద వండటం మనకు కొత్తేం కాదు. ఇడ్లీ ఉంది, ఆవిరి కుడుము ఉంది, వినాయక చవితికి పూర్ణం పెట్టిన కుడుములున్నాయి. అందుకే వెదురు బుట్ట మూత తియ్యగానే లేచే ఆవిరి మనల్ని కాస్త మెత్తబరుస్తుంది. చిక్కంతా పేర్లతోనే.

చైనా ఉత్తరాదిలో గోధుమ పిండిని పులియబెట్టి, లోపల ఏమీ పెట్టకుండా ఆవిరి మీద ఉడికిస్తే 'మాంతౌ'. అన్నానికి బదులు తింటారు. లోపల పూర్ణం పెట్టి పైన కుచ్చులు మడిస్తే 'బావ్‌జ'. ఇంతవరకూ తేలికే. కానీ షాంఘై చుట్టుపక్కల పూర్ణం పెట్టినదాన్ని కూడా మాంతౌ అనే అంటారు. అదే మాట కొరియాలో మాండూ, జపాన్‌లో మంజూ. టర్కీలో మాంతీ కూడా ఈ కుటుంబానిదే అంటారు. ఒక్కో దేశంలో ఒక్కో వస్తువు. 'బావ్' అంటే చుట్టడం, మూటగట్టడం. కాబట్టి ఇంగ్లీషు మెనూల్లో 'బావ్ బన్' అని రాయడం 'చాయ్ టీ' అన్నట్టే ఉంటుంది.

ఇక లండన్, న్యూయార్క్ కుర్రకారు ఎగబడేది మరో వస్తువు. తెల్లగా, మెత్తగా, నోరు తెరిచిన పర్సులా మధ్యకు మడిచి ఉంటుంది. మూటగట్టింది ఏమీ లేకపోయినా దాని పేరులోనూ బావ్ ఉంది. ఇది 'గ్వా బావ్'. తైవాన్‌లో రోడ్డు పక్క తిండి, అంతకుముందు చైనా ఫూజియన్ తీరానిది. లోపల వారంతా ఉడికిందా అనిపించేంత మెత్తటి పంది పొట్ట మాంసం, ఊరబెట్టిన ఆవాకు, కొత్తిమీర, మీద చక్కెర కలిపిన పల్లీ పొడి. తైవాన్‌లో దీన్ని ముద్దుగా 'పులి పందిని కరిచింది' అంటారు. ఆ తెరిచిన నోటిని చూస్తే ఎందుకో తెలుస్తుంది. న్యూయార్క్‌లో 2004లో తెరిచిన మొమొఫుకు నూడుల్ బార్ ఇలాంటి బన్నుతోనే పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఊరూరా కాపీలు పుట్టాయి.

అన్నిటికన్నా మాయదారిది షియావ్‌లాంగ్‌బావ్. చిన్న బుట్టలో వచ్చే చిన్న మూట. పొంగని పల్చటి పిండి, లోపల మాంసం పూర్ణం, దాని చుట్టూ వేడివేడి సూప్. పిండి మూటలోకి నీళ్లు ఎలా పోశారు? దీనికి జవాబు మీ ఫ్రిజ్‌లోనే ఉంది. మిగిలిన పాయాను రాత్రి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జున్నులా గడ్డకడుతుంది కదా. పంది చర్మాన్ని ఉడికించి తీసిన జిగురు చారునూ అలాగే గడ్డకట్టించి, తరిగి, మాంసంతో కలిపి మూటగడతారు. ఆవిరి తగలగానే ఆ గడ్డ కరిగి సూప్ అవుతుంది. షాంఘై శివార్లలోని నాన్‌షియాంగ్ దీని పుట్టిల్లంటారు. ప్రపంచానికి చాటింది మాత్రం తైవాన్ రాజధాని తైపేయి. 1958లో వంటనూనె అమ్మే కొట్టుగా మొదలైన దిన్ తాయ్ ఫుంగ్, నూనె బేరం దెబ్బతిన్నాక 1972లో ఈ మూటలవైపు మళ్లింది. ఒక్కో మూటకు 18 మడతలని వాళ్ల లెక్క. అద్దాల గదిలో ముఖాలకు మాస్కులు కట్టుకుని వరసగా మడతలు పెడుతూ కనిపిస్తారు.

తినే పద్ధతి తెలియక నేను మొదటిసారి గులాబ్‌జామ్‌లా నోట్లో వేసుకున్నాను. నాలిక కాలింది, ఎదుటివాడి చొక్కా తడిసింది. చేయాల్సింది ఇది: పైన ముడి దగ్గర సుతారంగా పట్టుకుని గుంట చెంచాలోకి దించాలి. పక్కన పంటితో చిన్న కంత పెట్టి ఆవిరి పోనివ్వాలి. ముందు సూప్ జుర్రుకుని, ఆ తర్వాత నల్ల వెనిగర్‌లో నానిన అల్లం తురుముతో మిగతాది. ఇక పెద్ద బావ్‌ల అడుగున చిన్న కాగితం అంటుకుని ఉంటుంది. తీసేసి తినండి. నవ్వకండి, తిన్నవాళ్లు నాకు తెలుసు.

శాకాహారి వెతుకులాట

మా రూమ్మేటు ఆ రాత్రి తర్వాత పట్టుదలతో ఈ విద్య నేర్చుకున్నాడు. ఇక్కడ చెప్పేదాంట్లో చాలాభాగం వాడి దగ్గర విన్నదే. "ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. మాంసం అంటే వాళ్ల లెక్కలో ముక్కలు. చారు ముక్క కాదు, కొవ్వు ముక్క కాదు, సాస్ అసలే కాదు.

జపనీస్ కొట్లో దాక్కునేది చేప. 'దాషి' అనే మూల చారును సముద్రపు నాచుతోపాటు పొగపట్టి ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో తీస్తారు. మిసో సూప్‌లో, ఉడోన్ చారులో, వేయించిన టోఫు (సోయా పనీర్) చుట్టూ పోసే రసంలో అదే. వియత్నామీల దగ్గర 'నూక్ మామ్', అంటే పులియబెట్టిన చేపల సాస్. చైనీయుల దగ్గర తళతళలాడే ఆకుకూర మీద ఆల్చిప్పల సాస్. కూరగాయల బావ్‌లో వాసనకు నాలుగు ఎండు రొయ్యలు పడొచ్చు. ఎర్ర చిక్కుడు గింజల తీపి పూర్ణం చూసి మన బొబ్బట్టు గుర్తొచ్చి చెయ్యి చాస్తాం. పాతకాలపు పద్ధతిలో దాన్ని పంది కొవ్వుతో వేయిస్తారు. కొరియావాళ్ల క్యాబేజీ ఊరగాయ కిమ్చీలోనూ చేప సాసో, ఉప్పు రొయ్యలో ఉండటం మామూలే.

మరి దారేది? బౌద్ధం. చైనా శాకాహార సంప్రదాయాన్ని 'సు' అంటారు, వియత్నామీలు 'చాయ్' అంటారు. మన చాయ్ కాదు, శాకాహారం. బోర్డు మీద ఆ మాట ఉంటే అడుగున చారు కూడా కూరగాయలదో పుట్టగొడుగులదో అయ్యుంటుంది. వియత్నామీ బౌద్ధులు చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో మాంసం మానేస్తారు. అంటే మన అమావాస్య, పౌర్ణములే. ఆ రోజుల్లో మామూలు కొట్లలో కూడా చాయ్ వంటకాలు ఎక్కువగా దొరుకుతాయి. తెలుగు క్యాలెండర్ గోడకున్నవాడికి ఇది చేతిలో ఉన్న సమాచారం. నిష్ఠగల చైనా బౌద్ధ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. కార్తీక మాసం నియమాలు పాటించే ఇంటినుంచి వచ్చినవాళ్లకు ఫ్లషింగ్‌లో ఇలాంటి కొట్టు దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సింగపూర్‌లో పని ఇంకా సులువు. అక్కడి హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే ఆవరణల్లో, 'వెజిటేరియన్ బీ హూన్' కొట్టు తరచూ కనిపిస్తుంది. పొద్దున్నే సన్నటి బియ్యపు సేమియా, పైన వేయించిన టోఫు, క్యాబేజీ, గోధుమ జిగురుతో, సోయాతో చేసిన 'బాతు', 'పంది'. పేర్లూ రూపాలూ చూసి మొదటిసారి గుండె ఆగుతుంది. అచ్చం మాంసంలాగే ఎర్ర అంచుతో ఉంటాయి. అవన్నీ నకిలీలే, నిజమైన శాకాహారమే. ఆ ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. నూడుల్స్ చెప్పగానే "డ్రై ఆర్ సూప్?" అని అడుగుతారు. డ్రై అంటే సూప్ ఉండదని కాదు. నూడుల్స్‌ను సాస్‌లో కలిపి, సూప్‌ను పక్కన చిన్న గిన్నెలో ఇస్తారు. ఏ నూడుల్స్ కావాలో కూడా మనమే చెప్పాలి. మీ అంటే గోధుమవి, బీ హూన్ సన్నటి బియ్యపువి, క్వే తియావ్ వెడల్పాటి బియ్యపువి. బల్ల మీద టిష్యూ పొట్లం ఒంటరిగా పడి ఉంటే అది మరిచిపోయింది కాదు, మన బస్సు సీట్లో వేసే తుండుగుడ్డ. వేరే బల్ల చూసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జపాన్‌లో నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ జుర్రుకోవడం తప్పు కాదు. చిన్నప్పుడు రసం జుర్రినందుకు తిన్న మొట్టికాయలకు అక్కడ ప్రతీకారం తీర్చుకోవచ్చు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి. పోయినవాళ్లకు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మన పిండప్రదానం గుర్తుచేసుకుంటే ఎదుటివాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో అర్థమవుతుంది. టోక్యోలో చాలా రామెన్ కొట్లకు గుమ్మం దగ్గర టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బులు వేసి, బొమ్మ నొక్కి, చీటీ ఇస్తే సరి. టిప్పు ఇవ్వకూడదు. అమెరికాలో 18, 20 శాతం ఇవ్వకపోతే బాగోదు. సింగపూర్ రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు ఛార్జీ, దాని మీద 9 శాతం పన్ను పడతాయి. 100 డాలర్ల తిండికి 119 డాలర్ల 90 సెంట్లు. హాకర్ సెంటర్లో ఆ బాధ లేదు, పళ్లెం మాత్రం మనమే తిరిగి పెట్టాలి.

అజినోమోటో భయం ఒకటి మనవాళ్లను ఇంకా వదల్లేదు. కికునాయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు చారులోంచి ఆ రుచినిచ్చే గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. 1968లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో అచ్చయిన ఒక ఉత్తరంతో చైనా తిండి తింటే మెడ వెనక తిమ్మిరెక్కుతుందన్న ప్రచారం మొదలైంది, నింద అజినోమోటో మీద పడింది. ఆ తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అది నిలకడగా రుజువు కాలేదు. పండిన టొమాటోలోనూ అదే గ్లూటమేట్ ఉంటుంది. రామెన్ తిన్నాక దాహమేస్తే తిట్టాల్సింది ఉప్పును.

మొన్న వేసవిలో మా రూమ్మేటు వాళ్లమ్మగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఫ్లషింగ్‌లో వాడు పట్టుకున్న బౌద్ధ శాకాహార కొట్టుకు తీసుకెళ్లాం. పిన్నిగారు వెదురు బుట్టలోకి తొంగిచూసి, "ఉల్లి, వెల్లుల్లి లేవుగా?" అని కొడుకును రెండుసార్లు అడిగి, క్యాబేజీ, పుట్టగొడుగుల బావ్ ఒకటి తీసుకున్నారు. అడుగున కాగితం చెప్పకుండానే ఒలిచేశారు, పనసాకు ఇడ్లీకి ఆకు తీసినంత సులువుగా. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని కాసేపు నమిలారు.

"కుడుమేగా ఇది. ఉప్పు తక్కువేశారు" అన్నారు. రెండోది కూడా తీసుకున్నారు.